'నిజంగా జరిగిన కథ' అని వేసే హాలీవుడ్ సినిమాల్లో నిజం ఎంత? వదిలేసింది ఎవరిని?

గోదావరి_గట్టు
నిన్న రాత్రి ఇంట్లో అందరం కూర్చుని 'ఆర్గో' చూశాం. చివర్లో విమానం రన్‌వే మీద పరుగు తీస్తుంటే ఇరాన్ సైనికులు తుపాకులు పట్టుకుని జీపుల్లో వెంటపడతారు కదా, మా అమ్మ దిండు పట్టుకుని కూర్చుంది. సినిమా అయ్యాక అసలు సంగతి చదివితే ఆ వెంటపడడమే జరగలేదట! పొద్దున్నే ఎయిర్‌పోర్టుకు వెళ్లారు, తనిఖీ అయింది, విమానం ఎక్కారు, వెళ్లిపోయారు.

నాకు నిజంగానే మండింది. నిజంగా జరిగిన కథ అని చెబితే మనం ప్రతి సీనూ నమ్మేస్తాం. రేపు పిల్లలు అదే చరిత్ర అనుకుంటారు. యుద్ధం సినిమాలు, యాక్షన్ సినిమాలు ఒక్కటీ వదలను నేను. వాటి వెనక అసలేం జరిగిందో తెలిసినవాళ్లు చెప్పండి. ఏం కలిపారు, ఎవరిని వదిలేశారు?

కరీంనగర్_కుర్రోడు
సినిమాని సినిమాలా చూడాలి అన్నా. తనిఖీ అయింది, ఎక్కారు, వెళ్లారు అని తీస్తే ఎవడు చూస్తాడు? ఇంటర్వెల్‌కే జనం బయటకొస్తారు.

పాత_రీలు
@గోదావరి_గట్టు రన్‌వే సీను చిన్న విషయం. అసలు అన్యాయం వేరే ఉంది.

1979 నవంబరు 4న టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీని విద్యార్థులు ఆక్రమించారు. 52 మందిని 444 రోజులు బందీలుగా ఉంచారు. ఆరోజు వాళ్లకు దొరక్కుండా ఆరుగురు బయటపడ్డారు. వాళ్లను దాదాపు మూడు నెలలు తమ ఇళ్లలో దాచింది కెనడా రాయబారి కెన్ టేలర్, ఆయన సహోద్యోగి జాన్ షియర్‌డౌన్. పట్టుబడితే వీళ్ల ప్రాణాలకూ గ్యారంటీ లేదు. ఆ ఆరుగురికి కెనడా పాస్‌పోర్టులు ఇవ్వడానికి కెనడా ప్రభుత్వం రహస్యంగా ఆమోదం తెలిపింది. సీఐఏ మనిషి టోనీ మెండెజ్, ఆ ఆరుగురినీ సినిమా తీసేవాళ్లుగా చూపించే దొంగ సినిమా కంపెనీ ప్లాన్‌తో టెహ్రాన్‌లో దిగింది చివర్లోనే.

వీసాల దగ్గర ఒక సంగతి జరిగింది, అది సినిమాలో లేదు. ఇరాన్ క్యాలెండర్‌లో మన ఉగాదిలాగే కొత్త సంవత్సరం మార్చిలో మొదలవుతుంది. ఆ లెక్కలో పొరపాటు పడి వీసా ముద్రల మీద తేదీ తప్పు వేశారు. కెనడా ఎంబసీలో ఫార్సీ చదవగలిగిన ఒక అధికారి దాన్ని చూసి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఒక మనిషి కాగితాన్ని జాగ్రత్తగా చదవడం వల్ల ఆరుగురు బతికారు. నాకైతే జీపుల ఛేజ్ కంటే ఇదే ఎక్కువ టెన్షన్.

బ్రిటిష్, న్యూజిలాండ్ ఎంబసీల వాళ్లు రానివ్వలేదని సినిమాలో ఒక డైలాగు ఉంది. అది అబద్ధం. ఆ రెండు ఎంబసీల వాళ్లూ సాయం చేశారు. అప్పటి ప్రెసిడెంట్ జిమ్మీ కార్టరే 2013లో టీవీలో చెప్పారు, ఆలోచనలోనూ పనిలోనూ తొంభై శాతం కెనడాదే అని.

గోదావరి_గట్టు
తేదీ సంగతి అద్భుతం. దాన్ని ఎందుకు తీయలేదో అర్థం కావట్లేదు.

పాత_రీలు
పట్టుకున్నవాడు హీరో కాదు కదా, అందుకు.

హిస్టరీ_మాస్టారు
ఇంతకంటే ఘోరం 'యు-571'. 2000లో వచ్చింది. జర్మన్ జలాంతర్గామిలోకి అమెరికా నావికులు దూరి ఎనిగ్మా సంకేత యంత్రం పట్టుకొస్తారు అందులో. అసలు జరిగింది 1941 మే 9న. బ్రిటిష్ నౌక బుల్‌డాగ్ వాళ్లు యు-110 అనే జలాంతర్గామిని పైకి తేలేలా చేసి, చిన్న పడవలో వెళ్లి, లోపలికి దిగి యంత్రాన్నీ కోడ్ పుస్తకాలనూ తెచ్చారు. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలోకే రాలేదు! ఏడు నెలల తర్వాత వచ్చింది. ఆ సినిమా మీద బ్రిటన్ పార్లమెంటులో ప్రశ్న వేస్తే ప్రధాని టోనీ బ్లెయిర్ కూడా అది ఆ నావికులకు అవమానమేనని ఒప్పుకున్నారు.

1942 అక్టోబరులో ఈజిప్టు తీరానికి దగ్గర్లో మునిగిపోతున్న యు-559 అనే ఇంకో జర్మన్ జలాంతర్గామిలోకి ముగ్గురు బ్రిటిష్ వాళ్లు దిగారు: ఫాసన్, గ్రేజియర్, టామీ బ్రౌన్. ఈ బ్రౌన్ ఓడలో క్యాంటీన్ కుర్రాడు, పదహారేళ్లవాడు. నిచ్చెన మీద నిలబడి కింద నుంచి అందిస్తున్న కోడ్ పుస్తకాలు అందుకున్నాడు. జలాంతర్గామి ఒక్కసారిగా మునిగిపోయింది. కింద ఉన్న ఇద్దరూ దానితోపాటే పోయారు. వాళ్లు తెచ్చిన కాగితాలతోనే నెలల తరబడి చదవలేకపోయిన జర్మన్ జలాంతర్గాముల సందేశాలు మళ్లీ చదవడం కుదిరింది.

వీళ్లందరికీ ముందు 1932లోనే ఎనిగ్మా లోపలి అల్లికను గణితంతో విప్పింది పోలండ్ వాళ్లు. వాళ్ల ఊసు ఎక్కడా ఎత్తరు.

కరీంనగర్_కుర్రోడు
పదహారేళ్ల క్యాంటీన్ కుర్రాడా మాస్టారూ? దీన్ని ఎవరైనా సినిమా తీస్తే ఫస్ట్ డే ఫస్ట్ షో నాదే.

టెక్సాస్_తెలుగు
అందరూ అమెరికా సినిమాల మీద పడ్డారు కాబట్టి రెండో వైపు కూడా చెబుతాను. ఇక్కడ నా సహోద్యోగుల్లో మాజీ సైనికులు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఈ సినిమాలు మామూలు వినోదం కాదు, పోయిన స్నేహితుల జ్ఞాపకం. పైగా అన్నీ పెంచి చూపిస్తారన్నది నిజం కాదు. 'హాక్సా రిడ్జ్'లో తగ్గించి చూపించారు.

డెస్మండ్ డాస్ తుపాకీ ముట్టనని ఒట్టు పెట్టుకుని సైన్యంలో వైద్య సహాయకుడిగా చేరాడు. 1945 మేలో ఒకినావాలో కొండ అంచు మీద నుంచి గాయపడ్డవాళ్లను ఒక్కొక్కరినీ తాడు కట్టి కిందికి దించాడు. ఎంతమంది అంటే, తోటివాళ్లు వంద అన్నారు, ఆయన యాభై మించరన్నాడు, చివరికి మధ్యస్తంగా 75 అని రాశారు. ఆ తర్వాత కొన్నాళ్లకు గ్రెనేడ్ తగిలి కాళ్లు ఛిద్రమయ్యాయి. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే దారిలో తనకంటే బాగా దెబ్బతిన్నవాడు కనిపించాడని దొర్లి కిందికి దిగి, స్ట్రెచర్ వాడికి ఇప్పించాడు. అక్కడ పడి ఉండగా తూటా తగిలి చెయ్యి విరిగింది. తుపాకీ మడమను చేతికి బద్దలా కట్టుకుని 300 గజాలు పాకాడు. ఇది సినిమాలో లేదు. ప్రేక్షకులు నమ్మరని వదిలేశారు.

లావణ్య_కె
తుపాకీ ముట్టనన్న మనిషి చేతికి చివరికి తుపాకీ ముక్కే ఆసరా అయింది. ఒళ్లు జలదరించింది.

మాజీ_సిగ్నల్స్
'బ్లాక్ హాక్ డౌన్' సంగతి నేను చెబుతాను. అప్పట్లో మన ఆర్మీ బ్రిగేడ్ కూడా ఐక్యరాజ్యసమితి తరఫున సోమాలియాలో, బైదోవా వైపు ఉండేది. నేను వెళ్లలేదు, మా బ్యాచ్ వాళ్లు వెళ్లారు. వాళ్ల నోట విన్నాక ఆ సినిమా చూస్తే కోపం వస్తుంది.

1993 అక్టోబరు 3, ఆదివారం మధ్యాహ్నం. మొగదిషులో ఐదీద్ అనే నాయకుడి ముఖ్య అనుచరులను పట్టుకురావడానికి అమెరికన్లు వెళ్లారు. గంటలో ముగించుకుని వచ్చేస్తాం అనుకున్నారు. రాత్రి చూసే పరికరాలు, తాగే నీళ్లు వెంట తీసుకోనివాళ్లు కూడా ఉన్నారు. రెండు హెలికాప్టర్లను ఆర్పీజీలతో, అంటే భుజాన పెట్టి పేల్చే రాకెట్లతో కూల్చేశారు. ఇరుకు సందుల్లో రాత్రంతా చిక్కుకుపోయారు. 18 మంది పోయారు. సోమాలీలు వందల్లో పోయారు, అందులో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. ఇదంతా నిజమే. సినిమాలో ఆ యుద్ధం తీసిన తీరు కూడా గొప్పగానే ఉంటుంది.

మరి వాళ్లను బయటికి తెచ్చింది ఎవరు? మలేషియా వాళ్ల కవచ వాహనాలు, పాకిస్తాన్ ట్యాంకులు. అమెరికా టెన్త్ మౌంటెన్ సైనికులు ఆ వాహనాల్లో ఎక్కి వెళ్లారు. బండి నడుపుతూ ఒక మలేషియా సైనికుడు చనిపోయాడు. సినిమాలో ఆ బళ్లు అలా వచ్చి అలా పోతాయి. అంతకు నాలుగు నెలల ముందు, జూన్ 5న, అదే ఊళ్లో 24 మంది పాకిస్తానీ సైనికులను చంపారు. ఐదీద్ కోసం వేట మొదలైందే దాంతో. పాకిస్తాన్‌తో మనకి ఎన్ని గొడవలున్నా సరే, యూనిఫాం వేసుకుని శాంతి కోసం వెళ్లి చనిపోయినవాడికి ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి.

సింగరేణి_శ్రీను
సార్, మాట అంటే ఇట్లుండాలె. శత్రుదేశం అని కూడా చూడకుండ చెప్పిన్రు.

పాత_రీలు
మాజీ_సిగ్నల్స్ గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. చనిపోయిన అమెరికన్ల శవాలను వీధుల్లో ఈడ్చిన దృశ్యాలు టీవీలో రావడంతో 1994 మార్చికల్లా అమెరికా సోమాలియా వదిలేసింది. మరుసటి నెలలోనే రువాండాలో నరమేధం మొదలైంది. మళ్లీ ఆఫ్రికాలో మన పిల్లలను పోగొట్టుకోలేం అన్న భయంతో ఎవరూ కదల్లేదు. మొగదిషులో ఒక్క రాత్రి జరిగినదానికి మూల్యం ఇంకెక్కడో కట్టారు. ఏ సినిమా అయినా హెలికాప్టర్ దిగగానే ఆపేస్తుంది, ఆ తర్వాతిది మనమే చదువుకోవాలి.

మలేషియా వాళ్లు ఆగి ఆగి 2023లో తమ సైనికుల మీద సొంతంగా సినిమా తీసుకున్నారు.

టెక్సాస్_తెలుగు
సొంతంగా తీసుకోవడమే సరైన దారి అంటాను నేను. హాలీవుడ్ వాళ్లు వాళ్ల డబ్బుతో వాళ్ల కథ తీసుకుంటారు. అందరి కథా వాళ్లే తీయాలంటే ఎలా?

హిస్టరీ_మాస్టారు
@టెక్సాస్_తెలుగు అందరి కథా తీయమనట్లేదు బాబూ. వేరేవాడు చేసిన పనిని తమవాడు చేసినట్టు చూపించొద్దు అంటున్నాం. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది.

'ది గ్రేట్ ఎస్కేప్' చూశావా? 1944 మార్చిలో జర్మన్ల ఖైదీల శిబిరం నుంచి సొరంగం తవ్వి 76 మంది పారిపోయారు. మంచాల చెక్కలు పీకి సొరంగం కూలకుండా దన్ను పెట్టారు. పాలపొడి డబ్బాలు ఒకదానికొకటి తగిలించి గాలి గొట్టం చేసుకున్నారు. తవ్విన మట్టిని ప్యాంటు లోపల సంచుల్లో దాచి, మైదానంలో నడుస్తూ కొద్దికొద్దిగా వదిలేవారు. ఇవన్నీ నిజం, సినిమాలో బాగా చూపించారు. కానీ అమెరికన్ ఖైదీలను అంతకు నెలల ముందే వేరే ఆవరణలోకి మార్చేశారు. సొరంగం తవ్వడంలో మొదట్లో చెయ్యి వేశారు గానీ పారిపోయినవాళ్లలో వాళ్లు లేరు. మోటార్‌సైకిల్ మీద ముళ్లకంచె దూకే సీను పూర్తిగా కల్పితం. చివరికి స్వేచ్ఛగా ఇల్లు చేరింది ముగ్గురే, ఇద్దరు నార్వే వాళ్లు, ఒకరు డచ్. దొరికిన 73 మందిలో 50 మందిని హిట్లర్ ఆజ్ఞతో కాల్చి చంపారు.

కరీంనగర్_కుర్రోడు
మోటార్‌సైకిల్ సీను కూడా పోయిందా! మాస్టారూ, ఇంకో రెండు పోస్టులు పెడితే నా చిన్నతనం మొత్తం ఖాళీ.

వైజాగ్_వాసు
నేను మర్చంట్ నేవీలో ఇంజిన్ సైడ్. 'కెప్టెన్ ఫిలిప్స్' గురించి అడగండి నన్ను.

2009 ఏప్రిల్ 8న మెర్స్క్ అలబామా అనే సరుకు ఓడ మీదికి నలుగురు సోమాలీ దొంగలు ఎక్కారు. సిబ్బంది ఇంజిన్ రూమ్‌కి పోయి కరెంటు తీసేసి చీకట్లో దాక్కున్నారు. వెతకడానికి దిగిన దొంగల నాయకుడిని చీఫ్ ఇంజనీరు చీకట్లోనే పట్టుకున్నాడు. ఓడ నడవని ఇంజిన్ రూమ్ ఎలా ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. ఫ్యాన్లు ఆగిన కొద్దిసేపటికే ఉక్క పట్టేస్తుంది. చెమటకి చెయ్యి జారిపోతుంది, ఎక్కడో నీటి చుక్క పడినా వినిపిస్తుంది. అక్కడ గంటల తరబడి కూర్చోవడమే పెద్ద సాహసం. తర్వాత కెప్టెన్‌ని లైఫ్‌బోట్‌లో తీసుకెళ్లడం, 12న నేవీ స్నైపర్లు లైఫ్‌బోట్‌లో ఉన్న ముగ్గురు దొంగలనీ ఒకేసారి కాల్చడం, అదంతా జరిగిందే.

అయితే ఆ ఓడ సిబ్బందిలో కొందరు తర్వాత కోర్టుకు వెళ్లారు. సోమాలియా తీరానికి 600 మైళ్ల దూరంలో ఉండమని హెచ్చరికలు వచ్చినా కెప్టెన్ లెక్కచేయకుండా దగ్గరగా పోనిచ్చాడని వాళ్ల ఆరోపణ. సినిమాలో ఆయనే హీరో. కింద ఇంజిన్ రూమ్ వాళ్లు గుంపులో గోవిందా.

లావణ్య_కె
వాసు గారూ, ఆ దారిలో మీరూ వెళ్లారా? ఎలా ఉంటుంది?

వైజాగ్_వాసు
@లావణ్య_కె వెళ్లాను మేడమ్. ఏడెన్ సింధుశాఖ దగ్గరపడే ముందే డెక్ చుట్టూ బ్లేడు తీగ చుట్టేస్తాం. దాన్ని చుట్టేటప్పుడు మందపాటి గ్లవ్స్ వేసుకున్నా చేతులు చీరుకుంటాయి. ఫైర్ హోసులు బయటికి తిప్పి కట్టేస్తాం, ఎవడైనా నిచ్చెన వేస్తే నీళ్ల దెబ్బకి నిలవలేడని. బ్రిడ్జి మీద కాపలా రెట్టింపు. ఎవరైనా ఎక్కేస్తే అందరూ వెళ్లి తాళం వేసుకోవడానికి 'సిటడెల్' అని లోపల ఒక గది. అందులో నీళ్లు, బిస్కెట్లు, శాటిలైట్ ఫోను ముందే పెట్టుకుంటాం. రాత్రి దూరంగా చేపల పడవ కనిపించినా గుండె దడ. ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం 'అంతా బాగుందమ్మా' అనే చెబుతాం.

మన నేవీ 2008 అక్టోబరు నుంచి అక్కడ ఓడలకు తోడు వస్తోంది. రేడియోలో మనవాళ్ల గొంతు వినపడితే ఆ ధైర్యమే వేరు.

అమెరికా కెప్టెన్ ఐదు రోజుల్లో బయటపడ్డాడు, సంతోషమే. 2010 సెప్టెంబరులో యాస్ఫాల్ట్ వెంచర్ అనే ట్యాంకర్‌ని ఎత్తుకుపోయారు. డబ్బు కట్టాక ఓడనీ సగంమందినీ వదిలి, ఏడుగురు భారతీయులను ఉంచేసుకున్నారు. మన నేవీ ఆ దొంగల మనుషులను అరెస్టు చేసిందన్న కక్షతో. ఆ ఏడుగురూ బయటపడింది 2014 అక్టోబరులో. నాలుగేళ్లు! వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు ఎలా గడిపి ఉంటారో ఆలోచించండి. వాళ్ల మీద హాలీవుడ్ కాదు, మనమే ఒక్కటీ తీయలేదు.

గోదావరి_గట్టు
నాలుగేళ్లు బందీలుగా ఉన్నారని నాకు ఇప్పటిదాకా తెలియదు. పేపర్లో చదివిన గుర్తు కూడా లేదు.

సింగరేణి_శ్రీను
వాసు అన్న, మొన్న 2024ల మన నేవీ వాళ్లు దొంగల చేతుల్నుంచి ఒక ఓడను విడిపించిన్రు కద, అది చెప్పు.

వైజాగ్_వాసు
@సింగరేణి_శ్రీను అవును తమ్ముడూ, రూయెన్ అనే ఓడ, 2024 మార్చి. ఐఎన్‌ఎస్ కోల్‌కతా దాదాపు 40 గంటలు వెంటపడింది. మార్కోస్ కమాండోలు విమానం నుంచి సముద్రంలోకి పారాచూట్‌తో దూకారు. 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. ఆ సిబ్బందిలో మనవాళ్లు ఒక్కరూ లేరు. అయినా వెళ్లారు.

లావణ్య_కె
నేను ప్రజారోగ్యం వైపు పనిచేస్తాను. నాకు కోపం తెప్పించే సినిమా 'జీరో డార్క్ థర్టీ'. బిన్ లాడెన్ వేట. ఖైదీల ముఖం మీద గుడ్డ వేసి నీళ్లు పోసి హింసిస్తే ఆచూకీ దొరికిందన్నట్టు చూపిస్తుంది. 2014 డిసెంబరులో వచ్చిన అమెరికా సెనేట్ కమిటీ నివేదిక దానికి పూర్తిగా విరుద్ధంగా చెప్పింది. బిన్ లాడెన్ సందేశాలు మోసిన కొరియర్ గురించిన అసలైన సమాచారం హింస వల్ల వచ్చింది కాదని.

నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి. పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో బిన్ లాడెన్ దాక్కున్న ఇంట్లో ఎవరున్నారో తెలుసుకోవడానికి సీఐఏ ఒక స్థానిక డాక్టర్‌తో టీకాల కార్యక్రమం పేరుతో నాటకం ఆడించింది. అది బయటపడ్డాక పాకిస్తాన్‌లో పోలియో చుక్కలు వేసేవాళ్లను గూఢచారులని అనుమానించడం ఇంకా పెరిగింది. ఎందరో టీకా కార్యకర్తలను కాల్చి చంపారు, వాళ్లలో చాలామంది ఆడపిల్లలు. టీకా కార్యక్రమాలను ఇక ముసుగుగా వాడబోమని 2014లో అమెరికా ప్రభుత్వం చెప్పింది. చంపినవాళ్లు చంపేశాక!

చుక్కల మందు డబ్బా భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరగడం అంటే ఏంటో నాకు తెలుసు. తలుపు తీసే మనిషి కళ్లలో నమ్మకం ఉంటేనే బిడ్డ నోరు తెరుస్తారు. ఆ నమ్మకం తెగిపోతే ఎంత మంచి మందైనా డబ్బాలోనే ఉంటుంది.

టెక్సాస్_తెలుగు
లావణ్య గారూ, మీ మాటకు ఎదురు చెప్పను. కానీ బిన్ లాడెన్‌ని వదిలేయాలా? మూడు వేలమందిని చంపినవాడు.

లావణ్య_కె
వదిలేయమని ఎవరన్నారండీ? ఆ పనికి టీకా అక్కర్లేదంటున్నాను.

మాజీ_సిగ్నల్స్
లావణ్యమ్మ చెప్పింది సబబు. సైన్యంలో కూడా రెడ్‌క్రాస్ గుర్తును దాడికి ముసుగుగా వాడకూడదని మొదట్లోనే నేర్పిస్తారు. కొన్ని గుర్తుల జోలికి పోకూడదు.

@టెక్సాస్_తెలుగు 'లోన్ సర్వైవర్' చూసే ఉంటావు. 2005 జూన్ 28, అఫ్గానిస్తాన్‌లో కునార్ కొండలు. నలుగురు సీల్స్‌లో (అమెరికా నేవీ కమాండోలు) ముగ్గురు పోయారు. కాపాడటానికి వచ్చిన చినూక్ హెలికాప్టర్‌ని కూల్చేస్తే ఇంకో 16 మంది పోయారు. మిగిలిన ఒక్కడినీ గులాబ్ అనే ఊరి మనిషి ఇంట్లో దాచాడు. ఆశ్రయం ఇచ్చాక ప్రాణం పోయినా అప్పగించకూడదు, అది పష్తూన్ల కట్టుబాటు. సినిమా చివర్లో ఊళ్లో పెద్ద యుద్ధం పెట్టారు, అది జరగలేదు. గులాబ్ అతన్ని తీసుకుని అడవిలో నడుస్తుండగా అమెరికన్ సైనికులు ఎదురుపడ్డారు. యుద్ధం లేదు, ఒక మనిషి తన మాట మీద నిలబడటం మాత్రమే ఉంది. ఆ తర్వాత తాలిబాన్ బెదిరింపులతో గులాబ్ కుటుంబం సొంత ఊళ్లో బతకలేకపోయింది.

టెక్సాస్_తెలుగు
ఇది ఒప్పుకుంటాను సార్. గులాబ్ ఒక్కడి మీదే సినిమా తీయొచ్చు.

నిద్రలేని_రాత్రి
అందరూ జరిగిపోయినవి చెబుతున్నారు. జరగబోయి ఆగినవి ఇంకా భయంకరం. 'వార్‌గేమ్స్' అని 1983లో ఒక సినిమా, ఒక కుర్రాడు కంప్యూటర్‌తో ఆడుతూ అణుయుద్ధం దాకా తెస్తాడు. ప్రెసిడెంట్ రీగన్ అది చూసి, ఇలా నిజంగా జరగొచ్చా అని తన సైన్యాధికారులను అడిగారు. వారం తర్వాత జవాబు వచ్చింది, మీరనుకునే దానికంటే పరిస్థితి ఘోరంగా ఉంది అని! ప్రభుత్వ కంప్యూటర్ల భద్రత మీద ఆదేశం రావడానికి అదే మొదలు.

అంతకుముందే 1979 నవంబరు 9న అమెరికా రక్షణ కంప్యూటర్లలో శిక్షణ కోసం చేసిన దాడి నమూనా నడిచి, నిజంగానే సోవియట్ క్షిపణులు వస్తున్నట్టు తెరల మీద కనిపించింది. 1980 జూన్‌లో 46 సెంట్ల చిప్ చెడిపోయి మళ్లీ అదే గోల. 1983 సెప్టెంబరు 26న సోవియట్ వైపు పెత్రోవ్ అనే అధికారి డ్యూటీలో ఉండగా ఐదు అమెరికా క్షిపణులు వస్తున్నాయని ఉపగ్రహం చెప్పింది. యుద్ధం మొదలుపెడితే ఐదే ఎందుకు పంపుతారు అని ఆలోచించి, ఇది తప్పుడు సంకేతం అని పైవాళ్లకు చెప్పాడు. మబ్బుల మీద ఎండ మెరుపుని ఉపగ్రహం క్షిపణులు అనుకుంది.

కరీంనగర్_కుర్రోడు
46 సెంట్ల చిప్పా?? మీ పేరు ఎందుకు అలా పెట్టుకున్నారో అర్థమైంది అన్నా.

హిస్టరీ_మాస్టారు
'కె-19' కూడా ఈ కోవలోదే. 1961 జులై 4న అట్లాంటిక్‌లో సోవియట్ అణు జలాంతర్గామిలో రియాక్టర్ చల్లబరిచే గొట్టం పగిలింది. రేడియేషన్‌కి తగిన దుస్తుల్లేకుండానే కుర్రాళ్లు లోపలికి దిగి కొత్త గొట్టం వెల్డింగ్ చేశారు. మూడు వారాల్లో ఎనిమిది మంది చనిపోయారు. మమ్మల్ని తాగుబోతుల్లా రాశారని బతికి ఉన్న నావికులు గొడవ చేస్తే స్క్రిప్టు మార్చారు. చూశారా, అడిగితే మారుస్తారు!

ఆ ఓడలో ఉన్న అర్ఖిపోవ్ అనే అధికారి మరుసటి ఏడాది 1962 అక్టోబరు 27న క్యూబా దగ్గర బి-59 అనే ఇంకో జలాంతర్గామిలో ఉన్నాడు. పైన అమెరికన్లు సంకేతంగా డెప్త్ చార్జీలు వేస్తుంటే, అణు టార్పెడో వదులుదామన్న మాట వచ్చినప్పుడు ఆపింది ఈయనేనని లోపల ఉన్నవాళ్లు తర్వాత చెప్పారు. రియాక్టర్ ఏం చేస్తుందో ఏడాది కింద కళ్లారా చూసిన మనిషి.

శ్రీకాకుళం_చిన్నోడు
మొదటి నుంచీ చదువుతున్నాను, ఇప్పుడు రాయక తప్పట్లేదు. 'బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' ఎవరూ ఎత్తలేదు. ఈల పాట అందరికీ గుర్తుంటుంది. అందులో మా ఇంటి మనిషి ఉన్నాడు. అంటే సినిమాలో లేడు, అక్కడ ఉన్నాడు.

మా తాత అన్నగారు ఇక్కడి నుంచి మలయా తోటల్లో కూలికి వెళ్లారు. అప్పట్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి చాలామంది అలా వెళ్లేవారు. పేరాక్‌లో బాగాన్ దాతో వైపు కొబ్బరి తోటల్లో ఇప్పటికీ తెలుగువాళ్లు ఉన్నారు. జపాన్ వాళ్లు మలయా ఆక్రమించాక సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి బర్మాకి రైలుదారి వేయడానికి తోటల నుంచి కూలీలను తోలుకుపోయారు. మంచి జీతం, బియ్యం ఇస్తామని చెప్పి కొందరిని, లారీలు పెట్టి పట్టుకుని కొందరిని.

415 కిలోమీటర్ల దారి, ఏడాదిలో అయిపోయింది, 1943 అక్టోబరుకి. ఖైదీలైన తెల్ల సైనికులు 60,000 పైచిలుకు, అందులో పన్నెండు వేలకు పైగా పోయారు. ఆసియా కూలీలు రెండు లక్షలకు అటూఇటూ. పోయినవాళ్లు తొంభై వేల దాకా ఉంటారని అంచనా. తమిళులు, బర్మా వాళ్లు, మలయ్ వాళ్లు, జావా వాళ్లు, వాళ్లలో మనవాళ్లు కూడా. సైనికులకు వాళ్ల డాక్టర్లు, వాళ్ల అధికారులు తోడున్నారు. కూలీలకు ఎవరూ లేరు. 1943 వానల్లో కలరా వస్తే గుడిసెలకు గుడిసెలు ఖాళీ అయిపోయాయి.

సినిమాలో ఈ కూలీల కథే లేదు.

హిస్టరీ_మాస్టారు
శ్రీకాకుళం బాబు చెప్పింది అక్షరాలా నిజం. ఆ సినిమాలో బ్రిటిష్ కల్నల్ శత్రువు కోసం మోజుగా వంతెన కట్టిస్తాడు. అసలు అక్కడున్న పెద్ద అధికారి ఫిలిప్ టూసీ అలాంటివాడు కాదు. తన మనుషులను బతికించుకుంటూనే పని చెడగొట్టించాడు. చెదపురుగులు ఏరి తెచ్చి చెక్క దూలాల్లో వదిలేవారు, కాంక్రీటు సరిగ్గా కలపకుండా పోసేవారు. సినిమా చూసి ఆ ఖైదీలు చాలా బాధపడ్డారు. షూటింగ్ జరిగింది సిలోన్‌లో. థాయ్‌లాండ్‌లో అసలు ఉక్కు వంతెన ఇప్పటికీ ఉంది, రైలు తిరుగుతోంది.

గోదావరి_గట్టు
@శ్రీకాకుళం_చిన్నోడు మీ పెద్దతాత తిరిగొచ్చారా?

శ్రీకాకుళం_చిన్నోడు
రాలేదండీ. ఆయనతో వెళ్లిన పక్క ఊరి మనిషి యుద్ధం అయ్యాక వచ్చి, జ్వరంతో పోయాడని చెప్పాడట. తేదీ తెలియదు కాబట్టి మా ఇంట్లో మహాలయ అమావాస్యకు పెడతారు. కాంచనబురిలో సైనికుల సమాధులు దాదాపు 7,000 వరుసగా ఉన్నాయి, చాలావాటి మీద పేరు, వయసు ఉంటాయి. మా మేనమామ వెళ్లి చూసొచ్చాడు. కూలీలకు అలాంటి చోటు, అలా పేర్లు చెక్కిన రాయి ఆయనకు కనిపించలేదు.

సింగరేణి_శ్రీను
మా దిక్కు నుంచి ఎవరైనా పోయిన్రా అన్న? పాత రికార్డులు ఏమన్న దొరుకుతయా?

శ్రీకాకుళం_చిన్నోడు
@సింగరేణి_శ్రీను ఎక్కువగా కోస్తా వైపు నుంచే వెళ్లారు. మలేషియాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల దగ్గర కొన్ని పేర్లు, ఊళ్లు ఉన్నాయి. మీకు ఎవరైనా అక్కడ తెలిస్తే అడగండి, నేనూ నా దగ్గరున్న పేర్లు ఇక్కడే పెడతాను.

టెక్సాస్_తెలుగు
చిన్నోడు గారూ, మా అత్తగారి తరఫు వాళ్లు పేరాక్‌లోనే ఉన్నారు. పెద్దాయనకు తొంభై దాటాయి, జపాన్ రోజులు బాగా గుర్తున్నాయి. ఈ ఆదివారం వీడియో కాల్‌లో కలుపుతాను, మీ పెద్దతాత పేరు, ఊరు మెసేజ్ చేయండి.

శ్రీకాకుళం_చిన్నోడు
పంపించాను.